రైలుపట్టా ముక్క

వేదపాఠశాల దరఖాస్తులో ఏడో ప్రశ్న:
మీ కుటుంబంలోని విశ్వాస వారసత్వాన్ని వివరించండి.
కింద పన్నెండు గీతలు.

మొదటి నాలుగూ ముత్తాతకిచ్చాను.
మలూటి కొండల్లో గుర్రమెక్కి
దుప్పటి లోపల బైబిలుని పొట్టకు కట్టుకుని
ఊరూరా తిరిగిన సువార్తికుడు.
సెంకు నది దాటుతూ గుర్రాన్ని పోగొట్టుకున్నాడు గానీ
పుస్తకాన్ని తడవనివ్వలేదని మా ఇంట్లో చెబుతారు.
ఆ గుర్రం పేరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

తర్వాతి అయిదూ తాతకి. పాదిరి మొఖెతి.
నలభై రెండేళ్ల పరిచర్య, రాతితో కట్టించిన మూడు గుళ్లు,
ఆయన చేతి బాప్తిస్మాల చిట్టా
ఇప్పటికీ మొక్కజొన్న పిండి డబ్బా మీద ఉంటుంది.

రెండు గీతలు అవ్వకి.
అక్షరమ్ముక్క రాదు, కీర్తనలు నోటికొచ్చు.
మంచు పడి పాదిరి రాలేని చలికాలాల్లో
ఆవిడే సమాధుల దగ్గర నిలబడి
చనిపోయినవాళ్లని దేవుడికి పేరుపెట్టి పరిచయం చేసేది.

ఒక గీత మిగిలింది.
నాన్న పేరు లెఫా అని రాశాను,
గని కార్మికుడు అని రాసి చుక్క పెట్టేశాను.
మా సెసోతో భాషలో లెఫా అంటే వారసత్వం.
రాస్తున్నప్పుడు నాకది తోచనే లేదు.

వెల్కొమ్ గనుల నుంచి నాన్న
రెండు వస్తువులతో తిరిగొచ్చాడు:
ఊపిరితిత్తుల నిండా రాతిపొడి,
చేతిలో ఒక డ్రిల్లు కడ్డీ.
గుడి ముందు గుంజకి వేలాడే రైలుపట్టా ముక్కని
ప్రతి ఆదివారం ఆ కడ్డీతోనే కొడతాడు.
ఏటవాలు దారిలో మూడుచోట్ల ఆగి, ఎక్కి,
పన్నెండు దెబ్బలు లెక్కపెట్టి కొట్టి
బయట రాతి మీద కూర్చుంటాడు.
లోపలికి రాడు.

యవ్వనస్థుల కూటంలో ఎనిమిదేళ్లపాటు
నేనిచ్చిన ప్రార్థన అంశం ఒక్కటే:
మా నాన్న మారుమనస్సు.

పాఠశాలలో గ్రీకు క్రియలు నేర్పారు.
ఊపిరికీ ఆత్మకీ ఆ భాషలో ఒకే మాటని
పరీక్షలో రాసి పదికి పది తెచ్చుకున్నాను.
ప్రసంగానికి మూడు అంశాలుండాలన్నారు,
నా మొదటిది విని లెబోనా అయ్యగారు
కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు:
"పులెంగ్, నీ ప్రసంగంలో దేవుడు
మరీ మర్యాదగా ఉన్నాడమ్మా."

మూడో ఏడు, శిక్షణలో భాగంగా
మా ఊరి గుడికే పంపారు.
పీచు చెట్లు ఇంకా ఆకు తొడక్కుండానే
గులాబీరంగుకి తిరిగిన వారం అది.
తెల్లారి నాన్నకి టీ ఇస్తూ అడిగేశాను,
"ఇవాళయినా లోపలికి రావా?"

కప్పు రెండు చేతులా పట్టుకుని
ఆవిరి పీల్చి, దగ్గి, ఆగి చెప్పాడు:
"వస్తే దగ్గొస్తుంది.
దగ్గితే అందరూ వెనక్కి తిరుగుతారు.
వాక్యం మధ్యలో తెగుతుంది.
మీ తాతకి అది నచ్చేది కాదు."

నిజమో సాకో నేను అడగలేదు.
ఎనిమిదేళ్ల ప్రార్థనని
టీ గిన్నెతో పాటు కడగడానికి తీసుకెళ్లాను.

ఆ ఉదయం తలుపు మూయవద్దన్నాను.
చలిగాలి లోపలికొచ్చింది,
ఆడవాళ్లు దుప్పట్లు బిగించుకున్నారు,
సంఘపెద్ద చూపుతోనే మందలించాడు.
రెండో అంశం సగంలో ఉండగా బయట దగ్గు.
ఆగాను. అది అయ్యేదాకా ఆగాను.
మళ్లీ మొదలెట్టాను, మళ్లీ దగ్గు, మళ్లీ ఆగాను.
మూడో అంశం చెప్పడం మరిచిపోయాను.
ఎవరూ అడగలేదు.

దరఖాస్తు ఎక్కడో ఫైల్లో ఉంది,
వెనక్కివ్వరట.

ఇంటికి దిగుతూ దారిలో మూడోసారి ఆగినప్పుడు
అవ్వ నాన్న భుజం తట్టి అంది,
"ఇవాళ పదమూడు కొట్టావురా."
ఆయన కడ్డీని చంకలోకి మార్చుకుని
ఎటో కొండల వైపు చూస్తూ
లెక్క తప్పానన్నాడు.